వాతాపి జీర్ణం కాలేదు



పసిబిడ్డకు పాలుపట్టి, ఒళ్లో పడుకోబెట్టుకుని, పొట్ట మీద చెయ్యి గుండ్రంగా తిప్పుతూ మన ఇళ్లలో ఆడవాళ్లు ఒక మాట అంటారు. "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం." మా అవ్వ అనేది, మా అమ్మ అన్నది, ఇప్పుడు మా కోడలూ అంటోంది. ఇల్లు దాటి వచ్చి ఎన్ని తరాలైనా మనతో వచ్చిన మాటల్లో ఇదొకటి.

కథ మీకు తెలిసిందే. ఇల్వలుడు, వాతాపి అని ఇద్దరు రాక్షస అన్నదమ్ములు. తమ్ముడు మేకగా మారేవాడు, అన్న ఆ మేకను వండి అతిథికి పెట్టేవాడు. భోజనమయ్యాక "వాతాపీ, బయటికి రా" అని పిలిస్తే తమ్ముడు అతిథి పొట్ట చీల్చుకుని వచ్చేవాడు. అగస్త్యుడి దగ్గర మాత్రం ఆ ఆట సాగలేదు. ఆయన పొట్ట నిమురుకుంటూ జీర్ణం అన్నాడు, వాతాపి అరిగిపోయాడు.

అయితే వాతాపి అనేది ఒక ఊరు కూడా. టికెట్టు కొనుక్కుని వెళ్లి చూడగలిగిన ఊరు. కర్ణాటకలో బాగలకోట జిల్లాలో ఉన్న బాదామి పాత పేరే వాతాపి. అక్కడి చెరువు పేరు అగస్త్య తీర్థం. ఆ చెరువు మీదికి తొంగిచూస్తున్నట్టు ఎర్రటి కొండ మీద ఒక పాడుబడిన కోట ఉంది. మనలో చాలామంది బాదామి వెళ్లారు. గుహలు చూశారు, కోతులతో తంటాలు పడ్డారు, జొన్నరొట్టె తిని తిరిగొచ్చారు. ఆ కోట ఎక్కినవాళ్లు మాత్రం తక్కువ. ఆ కోటతో మనకున్న సంబంధం తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను. నేను చరిత్ర పండితుణ్ణి కాను. చదివిందీ, రెండుసార్లు ఎక్కి చూసిందీ చెబుతున్నాను.

ఇది ఇప్పుడు రాయడానికి ఇంకో కారణం ఉంది. మొన్న సమావేశం అయ్యాక కాఫీల దగ్గర ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, మా ముత్తాత ఇక్కడే పుట్టాడు. నాకు కన్నడంలోనే కోపం వస్తుంది, కన్నడంలోనే లెక్కలు వస్తాయి. అయినా 'మీ ఊరేది' అని అడుగుతూనే ఉంటారు. ఆంధ్రాకు పోతే అక్కడివాళ్లు నా మాట విని నవ్వుతారు. ఇంతకీ మనం ఎక్కడివాళ్లం?" అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. ఏదో చెప్పి నవ్వేశాను. తర్వాత ఆలోచిస్తే నాకు బాదామి కొండే గుర్తొచ్చింది.

ముందు ఆ చోటు ఎలా ఉంటుందో చెబుతాను. మధ్యలో చెరువు. చెరువుకు దక్షిణాన ఒక కొండ, ఉత్తరాన ఒక కొండ. రెండూ నిట్టనిలువుగా కోసినట్టుండే ఎర్ర ఇసుకరాతి కొండలు. తూర్పు గట్టున భూతనాథ ఆలయాలు నీళ్లను ఆనుకుని ఉంటాయి. పడమట కట్ట, ఆ కట్ట దిగువన ఊరు. కన్నడంలో 'కెరె' అన్నా మనం 'చెరువు' అన్నా అదే. కొండల మీద పడ్డ వాన ఒక్క చుక్క కూడా పోకుండా ఈ గిన్నెలోకి జారుతుంది. వాన పడుతున్న రోజుల్లో వెళ్తే రాతి గోడల మీదినుంచి జలపాతాలు చెరువులోకి దూకడం చూడొచ్చు.

కోట కట్టేవాడికి ఏం కావాలి? ఎక్కడానికి కష్టమైన ఎత్తు కావాలి, ముట్టడి పడితే తాగడానికి నీళ్లు కావాలి, దాచుకోవడానికి తిండి కావాలి. మొదటి రెండూ ఇక్కడ ప్రకృతే ఇచ్చింది. మూడోది మనిషి సమకూర్చుకున్నాడు. ఉత్తరపు కోటలో ధాన్యం పోసుకునే పెద్ద కొట్లు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి.

ఆ ఉత్తరపు కొండ మీద ఒక బండపై శాసనం ఉంది. శక సంవత్సరం 465, అంటే క్రీ.శ. 543. చాళుక్య వల్లభేశ్వరుడు, అంటే మొదటి పులకేశి, అశ్వమేధం చేసినవాడు, లోకం మేలుకోసం ఈ వాతాపి కొండను కిందినుంచీ పైనుంచీ కూడా ఎవరూ జయించలేని దుర్గంగా చేశాడని దాని సారాంశం. సంస్కృతంలో రాసిన చిన్న శాసనం. పద్నాలుగు వందల ఏళ్ల దాకా ఎవరి కంటా పడకుండా ఉండి, 1941లో బయటపడింది. ఒక కోట పుట్టిన సంవత్సరం ఇంత కచ్చితంగా తెలియడం మన దేశంలో చాలా అరుదు.

అది ఒక చిన్న రాజు పెద్ద మాట. అప్పటికి చాళుక్యులు ఈ మలప్రభ లోయకు మాత్రమే దొరలు. రాజ్యం పెద్దదైంది అతని కొడుకు కీర్తివర్మ కాలంలో. కీర్తివర్మ బనవాసి కదంబులను, కొంకణపు మౌర్యులను అణచాడు. అతని తమ్ముడు మంగళేశుడు దక్షిణపు కొండలో మూడో గుహ తొలిపించాడు. ఆ పని పూర్తయిన సంవత్సరం శక 500, క్రీ.శ. 578 అని అక్కడే రాసి ఉంది. ఎనిమిది చేతుల విష్ణువు, శేషుడి చుట్టల మీద కూర్చున్న విష్ణువు, వరాహమూర్తి, ఇవన్నీ ఆ గుహలోవే. మనం ఫోటోలు దిగేది అక్కడే.

అన్న పోయాక రాజ్యం మంగళేశుడి చేతికి వచ్చింది. అన్న కొడుకు పెద్దవాడయ్యాక దాన్ని అతనికి అప్పగించే బదులు తన కొడుక్కి కట్టబెట్టాలని చూశాడు. ఆ అన్న కొడుకే రెండో పులకేశి. బాబాయితో యుద్ధం చేసి, ఆయన్ను చంపి, సుమారు క్రీ.శ. 610లో గద్దెనెక్కాడు. ఉత్తరాదిని ఏలుతున్న హర్షుణ్ణి నర్మద దాటనివ్వనిది ఇతనే. చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఇతని దేశం చూసి, మేలు చేస్తే మరవనివాళ్లు, అవమానిస్తే వదలనివాళ్లు అని ఇక్కడి జనం గురించి రాసుకున్నాడు. ఆ యాత్రికుడు ఈ దేశాన్ని మహారాష్ట్ర అన్నాడు. పుణె, షోలాపూర్ సభ్యులు గమనించండి, ఈ కథలో మీ వాటా కూడా ఉంది.

ఇక మన సంగతి.

బాదామికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఐహొళె ఉంది. అక్కడ మేగుటి కొండ మీద జైన ఆలయం గోడపై రవికీర్తి అనే కవి సంస్కృతంలో రాసిన శాసనం ఉంది. శక 556, అంటే క్రీ.శ. 634-35 నాటిది. కాళిదాసు, భారవి పేర్లు తలుచుకుని, తానూ వాళ్లంతటివాణ్ణని చెప్పుకున్న కవి ఈయన. పులకేశి గెలుపుల జాబితా అందులో ఉంది. ఆ జాబితాలో రెండు పేర్లు చదివితే మన కోస్తావాళ్లు ఉలిక్కిపడతారు. ఒకటి పిష్టపురం, అంటే మన పిఠాపురం. ఆ కోటను నుగ్గు చేశాడట. రెండోది కునాల సరస్సు. చరిత్రకారులు దాన్ని కొల్లేరుగా గుర్తించారు. అక్కడ జరిగిన యుద్ధంలో ఆ నీళ్లు నెత్తుటితో ఎర్రబడ్డాయని కవి రాశాడు.

ఒక చెరువు ఒడ్డున పుట్టిన వంశం ఇంకో సరస్సు ఒడ్డుకు కత్తి పట్టుకుని వచ్చింది. ఇది తియ్యని కథేమీ కాదు. మన వేదికల మీద కొందరు దీన్ని పెళ్లి సంబంధంలా చెబుతారు, అది సరి కాదు. వాళ్లు అడిగి రాలేదు, గెలిచి వచ్చారు.

గెలిచిన నేలను ఏలడానికి పులకేశి తన తమ్ముణ్ణి నిలిపాడు. అతని పేరు కుబ్జ విష్ణువర్ధనుడు. కుబ్జుడంటే గూనివాడు. సుమారు క్రీ.శ. 624లో అతనితో వేంగి చాళుక్య వంశం మొదలైంది. వేంగి అంటే ఏలూరు పక్కనున్న నేటి పెదవేగి, కొల్లేటికి దగ్గరే. విషమసిద్ధి అని అతనికి బిరుదు, ఆ బిరుదు వేసిన నాణేలు దొరికాయి. గూనితో పుట్టినవాడికి ఎంత కష్టమైనదైనా సాధించేవాడనే అర్థమొచ్చే బిరుదు ఉండటం నాకు ఎందుకో బాగా నచ్చుతుంది.

అన్న బాదామిలో, తమ్ముడు వేంగిలో. ఒకే ఇంటి రెండు కాపురాలు. తర్వాత ఏమైందో చూడండి.

రవికీర్తి ఆ పొగడ్త చెక్కించి ఎనిమిదేళ్లయినా గడవలేదు. పులకేశి కంచి మీదికి వెళ్లి పల్లవులను వాళ్ల గోడల వెనక్కి తరిమాడని ఆ శాసనమే చెబుతుంది. ఆ అవమానం మరవని పల్లవ నరసింహవర్మ క్రీ.శ. 642లో సైన్యంతో బాదామి మీద పడ్డాడు. జయించరాని దుర్గం పడిపోయింది. పులకేశి ఆ యుద్ధాల్లోనే పోయాడని చరిత్రకారుల మాట. నరసింహవర్మ వాతాపికొండ, అంటే వాతాపిని పట్టినవాడు, అనే బిరుదు పెట్టుకున్నాడు. తన 13వ పాలనా సంవత్సరంలో బాదామిలోనే ఒక బండ మీద తన శాసనం చెక్కించాడు. ఓడినవాడి ఊళ్లో, ఓడినవాడి రాతి మీద గెలిచినవాడి రాత. కాలానికి చాలా అరిగిపోయినా అది ఇప్పటికీ ఉంది.

లెక్క వేసుకోండి. 543లో ఎవరూ జయించలేరని రాశారు. 642లో జయించారు. మధ్యలో గడిచింది 99 ఏళ్లు.

తమిళనాడు సభ్యులకు ఈ దాడి ఇంకో వైపునుంచి తెలుసు. పెరియపురాణంలో శిరుత్తొండర్ కథ ఉంది కదా, ఆయన భక్తుడు కాకముందు పరంజోతి అనే సేనాని, తన రాజు కోసం వాతాపిని నేలమట్టం చేసి వచ్చాడు. ఆయన ఊరు తిరుచ్చెంగాట్టంగుడి గుడిలోని వినాయకుణ్ణి వాతాపి గణపతి అంటారు. వాతాపినుంచి తెచ్చిన మూర్తి అని స్థల ఐతిహ్యం. ముత్తుస్వామి దీక్షితుల హంసధ్వని కీర్తన పాడేటప్పుడు మనం తలుచుకునేది ఈ పేరునే. దానికి తోడు, పల్లవుల తొలి శాసనాల్లో కొన్ని దొరికింది గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో. అంటే కంచినుంచి వచ్చి కొట్టినవాళ్ల పాత అడుగులూ మన కృష్ణా తీరంలో ఉన్నాయి. దక్షిణాదిలో ఏ యుద్ధం తవ్వినా రెండు పక్కలా చుట్టాలే బయటపడతారు.

బాదామి సుమారు 13 ఏళ్లు అలా పడి ఉంది. 655లో పులకేశి కొడుకు విక్రమాదిత్యుడు దాన్ని తిరిగి నిలబెట్టాడు. ఈ వంశం అసలు గొప్పతనం నాకు కనిపించేది ఆ తర్వాత, రెండో విక్రమాదిత్యుడి కాలంలో. అతను కంచిని గెలిచాడు. తాతముత్తాతల ఊరు కూల్చినవాళ్ల రాజధాని చేతికి చిక్కింది. అతను దాన్ని కూల్చలేదు. అక్కడి కైలాసనాథ ఆలయంలో కన్నడంలో ఒక శాసనం చెక్కించాడు. గుడి సొత్తు చూసి, దాన్ని తీసుకోకుండా దేవుడికే తిరిగి ఇచ్చేశానని అందులో చెప్పాడు. ఆ గెలుపుకు గుర్తుగా అతని రాణి లోకమహాదేవి పట్టదకల్లులో కట్టించిందే విరూపాక్ష ఆలయం. బాదామి గోడ మీద తమిళ దేశపు రాజు రాత, కంచి గోడ మీద కన్నడ రాత. ఒకటి కూల్చినందుకు గుర్తు, ఒకటి కూల్చనందుకు గుర్తు.

753 ప్రాంతంలో రాష్ట్రకూట దంతిదుర్గుడి దెబ్బకు బాదామి చాళుక్యుల కథ ముగిసింది. పెద్ద కాపురం పోయింది. మరి చిన్న కాపురం?

అది ఇంకా మూడు వందల ఏళ్లు సాగింది.

కత్తితో వచ్చిన ఆ కుటుంబం వేంగిలో ఏం చేసిందో జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే మన ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. వచ్చినప్పుడు వాళ్ల దానపత్రాలు సంస్కృతంలో ఉండేవి. వాళ్ల మూలం మలప్రభ ఒడ్డు. కానీ కుబ్జ విష్ణువర్ధనుడి కొడుకు జయసింహుడి కాలానికే తెలుగు శాసనం కనిపిస్తుంది. 848లో గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు వేయించిన అద్దంకి శాసనంలో తరువోజ పద్యం ఉంది. రాజుల మాట నేల మాటలో కలుస్తూ వచ్చింది. నాలుగు వందల ఏళ్లు తిరిగేసరికి, 1022లో గద్దెనెక్కిన రాజరాజ నరేంద్రుడు తన కుల బ్రాహ్మణుడైన నన్నయను పిలిచి భారతాన్ని తెలుగులో రాయమని కోరాడు.

ఒకసారి ఆగి ఆలోచించండి. తెలుగువాళ్లం ఆదికవి అని ఎవరికి మొక్కుతామో, ఆయన్ను కూర్చోబెట్టి రాయించిన రాజు బాదామి కొండ మీది వంశం మొలక. ఆ రాజు తల్లి కుందవ్వ, తంజావూరు రాజరాజ చోళుడి కూతురు. అతని భార్య అమ్మంగ, రాజేంద్ర చోళుడి కూతురు. అతని కొడుకే 1070లో చోళ సింహాసనం ఎక్కిన కులోత్తుంగుడు. నాన్న వైపు కన్నడ సీమ, అమ్మ వైపు తమిళ సీమ, రాయించింది తెలుగు. ఇప్పటి లెక్క ప్రకారం ఆయన్ను "మీ ఊరేది" అని అడిగితే ఏం చెప్పేవాడు?

నన్నయకు ఆ పనిలో తోడుగా ఉన్న నారాయణ భట్టు సంగతి కూడా చెప్పాలి. 1053 నాటి నందంపూడి శాసనం ఆయనకు ఊరు దానమిచ్చిన శాసనం. సంస్కృతం, కర్ణాటం, ప్రాకృతం, పైశాచి, ఆంధ్రం, ఇన్ని భాషల్లో కవి అని ఆయన్ను అది మెచ్చుకుంటుంది. తెలుగు భారతం పుట్టిన గదిలో కన్నడం తెలిసినవాడు కూర్చుని ఉన్నాడన్నమాట.

ఇప్పుడు ఈ పక్కకు తిరగండి. కన్నడానికి ఆదికవి పంపడు. ఆయన భారతం 941 నాటిది, నన్నయ కంటే వందేళ్లు ముందు. ఆయన పూర్వులు ఎక్కడివాళ్లు? వేంగినాడువాళ్లు. ఆయన్ను పోషించిన అరికేసరి ఎక్కడి రాజు? ఈనాటి తెలంగాణలోని వేములవాడ రాజు, చాళుక్యుల్లోనే ఒక శాఖ. పంపని తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద శాసనం వేయించాడు. అందులో సంస్కృతం ఉంది, కన్నడం ఉంది, తెలుగు కందపద్యాలూ ఉన్నాయి. ఒకే బండ, ఒకే మనిషి, మూడు భాషలు.

కన్నడ ఆదికవి కుటుంబం తెలుగు నేలనుంచి వచ్చింది. తెలుగు ఆదికవిని పోషించిన కుటుంబం కన్నడ నేలనుంచి వచ్చింది. ఇది నా పొగడ్త కాదు, రాళ్ల మీద ఉన్న సంగతి. లిపి సంగతి చెప్పనక్కర్లేదు. బాదామిలో, వేంగిలో చెక్కిన అక్షరాలు ఒకే తల్లి పిల్లలు. మనవాళ్లు బళ్లారి, కోలారు బస్సుల మీద కన్నడ బోర్డు చదివేయగలుగుతున్నారంటే ఆ పుణ్యమే.

అన్నదమ్ముల కాపురాలు ఎప్పుడూ సఖ్యంగా ఉన్నాయని కూడా అనుకోవద్దు. తర్వాతి కాలంలో కల్యాణి చాళుక్యులు, చోళులు వేంగి కోసం కొట్టుకున్నారు. రాజరాజ నరేంద్రుడికీ, అతని సవతి తమ్ముడు విజయాదిత్యుడికీ గద్దె తగవు వస్తే, కల్యాణి వైపువాళ్లు తమ్ముడి పక్షం పట్టారు. చుట్టరికం ఉన్నచోట పొలం గట్టు తగాదా కూడా ఉంటుంది. అది ఉందని చుట్టరికం అబద్ధం కాదు.

ఇక ఆ కోట మిగతా జీవితం. రాజధాని పోయినా కొండ పోదు కదా. ఎవరికి బలమొస్తే వాళ్లు ఆ కొండెక్కారు. విజయనగరం మొదలైన కొత్తల్లో, 1340 ప్రాంతంలో, మొదటి హరిహరుడి పేరుతో ఇక్కడ శాసనం పడింది. తర్వాత బిజాపూర్ ఆదిల్‌షాహీలు, మరాఠాలు, హైదర్ అలీ, టిప్పు. 1786లో మరాఠా, నిజాం సేనలు కలిసి ముట్టడించి టిప్పు చేతిలోంచి దీన్ని తీసుకున్నాయి. ఇప్పుడు పైన మనకు కనిపించే గోడల్లో, బురుజుల్లో, ఫిరంగి దిబ్బల్లో చాలా భాగం ఈ తర్వాతి కాలాలవే. పులకేశి రాళ్లు వాటి కింద ఉన్నాయి.

ఆ తర్వాత దీన్ని పట్టుకున్నవాడు మన రాయలసీమకు బాగా తెలిసినవాడు. 1818 ఫిబ్రవరిలో పేష్వాతో జరిగిన యుద్ధంలో బాదామిని తీసుకున్నది థామస్ మన్రో. అంతకుముందు 1800 నుంచి 1807 దాకా బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలకు కలెక్టరు. రైతుతో నేరుగా పన్ను మాట్లాడే పద్ధతి అక్కడ నాటినవాడు. రాయలసీమలో పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్న ఇళ్లు కూడా ఉన్నాయి. 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. బాదామి కొండను ఏలిన రెండో పులకేశి తమ్ముడు వేంగికి వెళ్లాడు, ఆ కొండను పట్టుకున్న దొర రాయలసీమనుంచి వచ్చాడు. మన దారులు ఆ చెరువు గట్టు మీదుగానే పోతున్నాయి.

ఈసారి వెళ్లినప్పుడు గుహలతో ఆపేయకండి. దక్షిణపు కోటకు దారి సాధారణంగా మూసే ఉంటుంది. ఉత్తరపు కోటకు వెళ్లొచ్చు. చెరువు ఉత్తరపు గట్టున పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, మెట్లు అక్కడినుంచే. కాసేపటికి రెండు బండల మధ్య సన్నటి సందులో పడతారు. రెండు పక్కలా ఎర్రటి గోడలు, పైన గీత గీసినట్టు ఆకాశం. శత్రువు ఒక్కొక్కడుగా తప్ప రాలేడు. కోట ఎందుకు ఇక్కడ కట్టారో ఆ సందులో నడిస్తే పుస్తకం అక్కర్లేకుండా అర్థమవుతుంది.

ముందు దిగువ శివాలయం వస్తుంది. గర్భగుడి మాత్రం నిలబడింది, చుట్టూ ఉండాల్సిన గోడలు లేవు. ఇంకా ఎక్కితే ఎగువ శివాలయం. దాని గోడల మీద రామాయణం, కృష్ణ కథలు చెక్కి ఉన్నాయి. ధాన్యపు కొట్లూ ఆ దారిలోనే. లోపలికి తొంగి చూసి పిల్లల చేత గట్టిగా అరిపించండి, మాట తిరిగొస్తుంది.

అంచుదాకా వెళ్లి (పిల్లల చెయ్యి వదలొద్దు, గోడ లేదు) కిందికి చూడండి. పచ్చటి చెరువు, మెట్ల మీద బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్లు, అవతల భూతనాథుడి గుడి, ఎదురుగా గుహల కొండ. కప్పె అరభట్టుడి శాసనం కూడా ఆ చెరువు పక్క రాతి మీదే ఉంది. సుమారు క్రీ.శ. 700 నాటిది, తొలినాటి కన్నడ పద్యాల్లో ఒకటి. మంచివాడికి మంచివాడు, చెడ్డవాడికి చెడ్డవాడు అనే తీరు మనిషి గురించి చెబుతుంది.

ఇప్పుడు ఆ తమ్ముడి ప్రశ్నకు వస్తాను.

చాళుక్యులు మావాళ్లంటే మావాళ్లని రెండు భాషలవాళ్లూ పోట్లాడుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. మన వాట్సాప్ గుంపులోనూ జరిగింది. ఆ కొండ మీది 543 నాటి రాయి సంస్కృతంలో ఉంది. పక్కన కప్పె అరభట్టుడు కన్నడంలో ఉన్నాడు. కింద బండ మీద పల్లవుడున్నాడు. మనవైపు అద్దంకిలో తెలుగు పద్యం ఉంది. ఎవరు ఎవరిని గెంటేస్తారు? అవన్నీ ఒకే ఇంటి కాగితాలు. కాబట్టి ఈ చరిత్ర పట్టుకుని "ఈ నేల మాదే" అని మనం అనకూడదు. "మీరు బయటివాళ్లు" అని ఇంకొకరు మనల్ని అనడానికీ ఇందులో చోటు లేదు.

తమ్ముడూ, నా జవాబు ఇది. వచ్చినవాళ్లు ఎక్కడివాళ్లన్నది ఎక్కడినుంచి వచ్చారన్నదాంతో తేలదు, వచ్చినచోట ఏం నాటారన్నదాంతో తేలుతుంది. బాదామివాళ్లు వేంగికి కోట మోసుకురాలేదు. వచ్చినచోటి మాట నేర్చుకుని, ఆ మాటలో గొప్ప పని జరగడానికి చోటిచ్చారు. వేంగినుంచి వచ్చిన పంపని కుటుంబం ఈ పక్క కన్నడానికి అదే చేసింది. జయించరానిదని రాసుకున్న కోట 99 ఏళ్లకు పడింది. కోట నీడలో పుట్టినవాళ్లు పరాయి ఊళ్లో మనసుపెట్టి పెంచిన మాట వెయ్యేళ్లుగా పడలేదు. 2008లో తెలుగుకూ కన్నడానికీ ప్రాచీన హోదా ఒకేసారి వచ్చింది. ఆ రెంటికీ ఒక వేరు ఆ చెరువు గట్టున ఉంది.

నీకు కన్నడంలో కోపం వస్తే రానీ, అది నీ నేల ఇచ్చింది. నీ బిడ్డకు పొట్ట నిమురుతూ అనే మాట మాత్రం తెలుగులో అను, అది నీ అవ్వ ఇచ్చింది. రెండూ ఉంచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నారాయణ భట్టు ఎవరి అనుమతీ అడగలేదు.

నన్ను కలవరపెట్టేది ఒకటే. మన సంఘంలో ఇరవై ఏళ్ల లోపు పిల్లల్లో తెలుగు చదవగలిగినవాళ్లను లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలేటట్టున్నాయి. కన్నడం వల్ల తెలుగు పోవడం లేదు. కన్నడం వచ్చిన పిల్లవాడికి తెలుగు అక్షరాలు నేర్పడం పది ఆదివారాల పని, తలకట్టు తేడా చూపిస్తే సగం వచ్చేస్తాయి. మనం నేర్పడం లేదు, అంతే. ఈ దసరా సెలవుల తర్వాత ఆదివారం తరగతి మళ్లీ మొదలుపెడదాం. చెప్పడానికి నేను సిద్ధం, ఇంకో ఇద్దరు తోడు కావాలి. తరగతి ముగిసే రోజు పిల్లలందరినీ తీసుకుని బాదామి వెళ్దాం, ఉత్తరపు కోట ఎక్కుదాం. పైన నిలబడి చెరువు చూస్తూ పిల్లలకు ఒక్క మాట చెబుదాం. అగస్త్యుడు అరిగించుకున్నది రాక్షసుణ్ణే. ఈ వాతాపి మాత్రం ఇంకా అరగలేదు.